తక్కువ ధర షార్డొనేలతో మిత్రుల మధ్య బ్లైండ్ టేస్టింగ్: ఎన్ని సీసాలు, ఎలా దాచాలి, ఎలా తేల్చాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎనిమిది మంది మిత్రులు, ఎవరికీ వైన్ గురించి పెద్దగా తెలియదు. అందుబాటు ధరలో దొరికే షార్డొనేలు (షార్డొనే అనే తెల్ల వైన్ ద్రాక్షతో చేసినవి) తెచ్చుకుని, లేబుల్ కనపడకుండా రుచి చూసి, ఏది బాగుందో తేల్చుకోవాలనుకుంటున్నారు. ఎన్ని సీసాలు తేవాలి, ఎలా దాచాలి, మార్కులు ఎలా వేయాలి, మధ్యలో ఒక ఖరీదైన సీసా కలపవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఐదు రకాల షార్డొనేలు తీసుకోండి, ఆరు గ్లాసులు పోయండి. ఆరో గ్లాసులో ఆ ఐదింట్లోనే ఒకటి మళ్లీ వస్తుంది. ఆ సంగతి ఎవరికీ ముందు చెప్పకండి. గ్లాసుకి 40 మిల్లీలీటర్లు చాలు. వైన్‌ని వేరే గదిలో ఒకేలా ఉండే జగ్గుల్లోకి మార్చి తీసుకురండి. అందరూ కాగితం మీద రాయడం అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మార్కులు వద్దు, బాగా నచ్చినదాన్ని ఒకటిగా, తక్కువ నచ్చినదాన్ని ఆరుగా పెట్టి వరస రాయమనండి. ఖరీదైన సీసా ఈసారికి వద్దు, ఎందుకో చివర్లో చెప్తాను.

ఇన్ని నియమాలు పాటించే ఓపిక లేదనిపిస్తే, మాట్లాడకుండా రాయడం అన్న ఒక్కటి మాత్రం వదలకండి. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు.

నేను చాలా ఏళ్లుగా వైన్ సర్వీస్‌లో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకి రుచి చూడటం నేర్పడం నా పనిలో భాగం. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఒకటే జరుగుతుంది. ఎవరో ఒకరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "పైనాపిల్ వాసన వస్తోంది" అంటారు. అంతే, నిమిషంలో బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ పైనాపిల్ వాసనే వస్తుంది. వాళ్లేమీ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే వస్తుంది. వాసన విషయంలో మన మెదడు ఎవరు ఏ పేరు అందిస్తే దాన్ని పట్టుకుంటుంది. లేబుల్ దాచి, మాటలు దాచకపోతే మీరు సగం పనే చేసినట్టు. అప్పుడు ఎనిమిది అభిప్రాయాలు రావు. గట్టిగా మాట్లాడే ఒక్కరి అభిప్రాయమే ఎనిమిది కాగితాల మీదికి ఎక్కుతుంది.

లేబుల్ దాచడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి షార్డొనే చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఒక బ్లైండ్ టేస్టింగ్ పెట్టాడు. తెల్ల వైన్లలో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానివి నాలుగు, కాలిఫోర్నియావి ఆరు, అన్నీ షార్డొనేలే. ఫ్రెంచ్ నిపుణులు వేసిన మార్కుల్లో కాలిఫోర్నియాకి చెందిన షాటో మాంటెలీనా 1973 మొదటి స్థానంలో నిలిచింది. లేబుల్స్ కనిపించి ఉంటే అలాంటి ఫలితం వచ్చేదని ఆ రోజుల్లో ఎవరూ అనుకోరు.

ఇప్పుడు ఒక్కొక్కటీ వివరంగా.

ఏ ఐదు?

షార్డొనే ద్రాక్షకి సొంత వాసన అంత ఘాటుగా ఉండదు. పెరిగిన చోటు ఎంత చల్లన, ఎంత పండాక కోశారు, పీపాలకి వాడే ఓక్ చెక్కకి తగిలిందా లేదా అన్నవాటిని బట్టి దాని రుచి పూర్తిగా మారిపోతుంది. అందుకే ఒకే ద్రాక్ష అయినా ఐదు గ్లాసుల్లో ఐదు వేరు వేరు రుచులు దొరుకుతాయి, కొత్తవాళ్లకి కూడా తేడా తెలుస్తుంది. మొదటిసారి టేస్టింగ్‌కి ఇంతకంటే మంచి ద్రాక్ష లేదని నా నమ్మకం.

ధర మాత్రం ఐదింటికీ దాదాపు ఒకటే ఉండాలి. ధరలో తేడా తక్కువ, తయారీలో తేడా ఎక్కువ: ఎంచుకోవడంలో ఇదే సూత్రం. నేనైతే ఇలా ఏరతాను. ఓక్ తగలకుండా స్టీల్ ట్యాంకులో చేసినది ఒకటి. చాలాసార్లు లేబుల్ మీద అన్‌ఓక్డ్ అని రాసి ఉంటుంది కాబట్టి వెతకడం సులువు. బర్గండీ దక్షిణ భాగం నుంచి మాకోన్-విలాజ్ ఒకటి. ఆ లేబుల్ మీద చాలాసార్లు షార్డొనే అన్న మాటే కనిపించదు, కానీ ఆ పేరుతో వచ్చేది షార్డొనేయే. పండు బాగా పండి, వెన్న, వనిల్లా వాసనలు దట్టంగా ఉండే కాలిఫోర్నియా రకం ఒకటి. మిగిలిన రెండు ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్‌లలో మీకు ఏవి దొరికితే అవి. బర్గండీ ఉత్తర కొసన చేసే షార్డొనే అయిన షాబ్లీ తక్కువ ధరలో దొరికితే తప్పకుండా పెట్టండి. చల్లటి ప్రాంతపు పులుపు ఎలా ఉంటుందో అది బాగా చూపిస్తుంది.

ఏళ్ల సంగతి కూడా చూసుకోండి. ఈ ధరల్లో వచ్చే షార్డొనేలు చాలావరకు దాచుకోవడానికి చేసినవి కావు, గత రెండు మూడేళ్ల పంటవి తీసుకోండి. దక్షిణార్ధగోళంలో కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఉత్తరార్ధగోళంలో ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జరుగుతుంది. లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా చిలీ వైన్ ఫ్రాన్స్ వైన్ కంటే ఆరు నెలలు పెద్దది.

కార్కు ఉన్న సీసాల విషయంలో ఒక జాగ్రత్త. టీసీఏ అనే పదార్థం చేరితే వైన్ తడిసిన అట్టపెట్టెలా వాసన వస్తుంది, పండు వాసన చచ్చిపోతుంది. అలాంటి సీసా వరసలో పడితే ఆ వైన్ గురించి మీరు ఏం తేల్చినా తప్పే. అందుకని మూత తీసిన వెంటనే, పోసే మనిషి ఒక్కసారి వాసన చూడాలి. వేరే షార్డొనే సీసా ఒకటి అదనంగా ఉంచుకుంటే అప్పటికప్పుడు మార్చుకోవచ్చు.

రెండుసార్లు పోసే వైన్ ఎందుకు?

కొత్తవాళ్లకి నేను పెట్టే టేస్టింగుల్లో ఇది తప్పనిసరి. మిగతా అన్ని నియమాల కంటే ఇది నేర్పేది ఎక్కువ.

ఆరు గ్లాసుల్లో రెండు అచ్చంగా ఒకటే వైన్, ఒకే సీసాలోంచి పోసినవి. కాగితాలు చూస్తే ఒక మనిషి ఒకదానికి రెండో స్థానం, ఇంకోదానికి ఐదో స్థానం ఇచ్చి ఉంటాడు. ఒకచోట "తాజాగా ఉంది" అని, ఇంకోచోట "నీళ్లలా ఉంది" అని రాసి ఉంటాడు. ఇలా జరగడం చాలా మామూలు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే గణాంకవేత్త అనుభవం ఉన్న జడ్జిలకే ఈ పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోని వైన్‌ని ఒకే వరసలో మూడుసార్లు ఇచ్చాడు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. తన తీర్పుని ఒకే పతకం స్థాయిలో నిలబెట్టుకోగలిగినవాళ్లు దాదాపు 10 శాతమే.

కాబట్టి మీ మిత్రుల్లో ఎవరైనా ఆ రెండు గ్లాసులకీ దూరంగా స్థానాలిస్తే వాళ్లని ఆటపట్టించకండి. ఆ దూరాన్ని కొలబద్దగా వాడుకోండి. ఒకే వైన్‌కి ఒక మనిషి రెండో స్థానం, నాలుగో స్థానం ఇచ్చాడంటే, అతని కాగితంలో ఒకటి రెండు స్థానాల తేడాకి పెద్ద అర్థం లేదని తెలుస్తుంది. మొదటి, ఆఖరి స్థానాలనే నమ్మాలి. ఇది తెలిస్తే మిగతా ఫలితాలన్నీ ఎంత గట్టిగా పట్టుకోవాలో అందరికీ అర్థమవుతుంది.

ముందే ఎందుకు చెప్పకూడదంటే, చెప్తే అందరూ జంటని వెతకడంలో పడిపోతారు, నచ్చడం నచ్చకపోవడం మీద మనసు పెట్టరు. రాయడం అయ్యాక మాత్రం వెంటనే చెప్పేయండి.

లెక్క కూడా సరిపోతుంది. ఎనిమిది మందికి 40 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు పోస్తే 640 మిల్లీలీటర్లు. సీసాలో 750 ఉంటాయి. మిగతా నాలుగు సీసాల్లో ఒక్కోదాంట్లో 430 మిల్లీలీటర్లు మిగులుతుంది. ఆ మిగిలినదానితో ఇంకో పని ఉంది, కింద చెప్తాను.

దాచడం

కాగితపు సంచి తొడిగితే చాలనుకుంటారు గానీ చాలదు. స్క్రూ క్యాపా కార్కా అన్నది మూతి చూడగానే తెలిసిపోతుంది. భుజాలు వాలిన సీసా, బరువైన సీసా చేతిలోకి తీసుకోగానే "ఇది ఖరీదైనదేమో" అనిపిస్తుంది. ఒకేలా ఉండే ఐదు జగ్గులు దొరికితే వాటిలోకి మార్చడమే మేలు. దొరక్కపోతే మూతి చుట్టూ ఉన్న రేకు మొత్తం తీసేసి, సంచిని మూతి దాకా టేపుతో బిగించి, ఒక్కరే అందరికీ పోయాలి. ఇంకెవరూ సీసా ముట్టుకోకూడదు.

పార్టీ పెట్టిన మీరు కూడా గుడ్డిగా రుచి చూడాలంటే రెండు అంచెల్లో దాచండి. మీరు సీసాలకి సంచులు తొడిగి అ, ఆ, ఇ, ఈ, ఉ అని రాయండి. రెండుసార్లు పోసేది ఏదో కూడా మీకు తెలియకూడదు కాబట్టి అది రెండో మనిషికే వదిలేయండి. ఆ మనిషి మీరు లేని గదిలో వాటిని గ్లాసుల్లో పోసి, మీకు తెలియని కొత్త గుర్తులు వేయాలి. ఏ గుర్తుకి ఏ అక్షరమో కాగితం మీద రాసి కవర్లో పెట్టాలి. ఆ ఒక్క మనిషి మాత్రం ఆ పూటకి ఓటు వేయడు. ఎనిమిది మందికీ ఓటు కావాలంటే వైన్ తాగని తొమ్మిదో మనిషి ఎవరైనా ఈ సాయం చేస్తే ఇంకా మంచిది.

గుర్తులుగా 1, 2, 3 వద్దు. ఒకటి అని రాసి ఉన్న గ్లాసు మీద మనసు ముందే మొగ్గుతుంది. రుచి పరీక్షలు చేసే ల్యాబుల్లో 417, 862 లాంటి మూడంకెల సంఖ్యలు వాడతారు. మీరూ అలాగే చేయండి.

రంగు మాత్రం దాచలేం. ఓక్‌లో ఉన్న షార్డొనే తరచుగా కొంచెం ముదురు బంగారు రంగులో ఉంటుంది, అది చూసి కొందరు ముందే నిర్ణయానికి వస్తారు. రంగు ముక్కుని ఎంత మోసం చేస్తుందో 2001లో ప్రచురించిన ఒక ఫ్రెంచ్ పరిశోధన చూపించింది. బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్ మాటలతో వర్ణించారు. మీ టేస్టింగ్‌లో అన్నీ తెల్లవే కాబట్టి అంత ప్రమాదం లేదు. అయినా వాసన చూసేటప్పుడు కళ్లు మూసుకోమని చెప్పండి, చాలు.

చల్లదనం, గ్లాసులు, గది

ఎక్కువ టేస్టింగులు పాడయ్యేది ఇక్కడే. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసిన వైన్ సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లగా ఉంటే వాసన రాదు, మంచిదీ చెడ్డదీ ఒకేలా అనిపిస్తాయి. మరీ వెచ్చబడితే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది. 10 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. అన్నీ ఒకే ఫ్రిజ్‌లో, ఒకే సమయం ఉంచి, పోయడానికి 20, 30 నిమిషాల ముందు అన్నీ ఒకేసారి బయట పెట్టండి. సరిగ్గా ఎన్ని డిగ్రీలు అన్నదానికంటే అన్నీ ఒకే చల్లదనంలో ఉండటం ముఖ్యం. ఒకటి మిగతావాటి కంటే చల్లగా ఉంటే అది మరింత పదునుగా, తేటగా తోస్తుంది. అప్పుడు మీరు వైన్‌కి కాదు, ఫ్రిజ్‌కి ఓటు వేసినట్టు.

గ్లాసులు ఒకే ఆకారంలో ఉంటే చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఎనిమిది మందికి ఆరేసి అంటే 48 గ్లాసులు. అన్ని లేకపోతే మూడు మూడుగా రెండు విడతల్లో చేయండి. సబ్బు వాసన లేకుండా కడిగి ఆరబెట్టండి. ఆ పూటకి పెర్ఫ్యూమ్, సువాసన కొవ్వొత్తులు వద్దని ముందే మెసేజ్ పెట్టండి. బల్ల మీద మంచినీళ్లు, ఉప్పూ కారం లేని బ్రెడ్ చాలు.

ప్రతి ఒక్కరి దగ్గరా ఉమ్మడానికి ఒక కప్పు ఉండాలి, దానికి మొహమాటపడక్కర్లేదని మీరే ముందు చేసి చూపించండి. మింగితే ఆరు గ్లాసులకి 240 మిల్లీలీటర్లు అవుతుంది, షార్డొనేలో ఆల్కహాల్ మామూలుగా 12 నుంచి 14.5 శాతం దాకా ఉంటుంది. నాలుగో గ్లాసుకి వచ్చేసరికి నాలుక మొద్దుబారుతుంది, అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. బండి నడిపి వెళ్లాల్సినవాళ్లు ఉమ్మేసినా సరే నడపకుండా వేరే ఏర్పాటు చేసుకోవాలి. తాగననేవాళ్లని బలవంతం చేయకండి. వాసన చూసి వరస పెట్టినా వాళ్ల కాగితం చదవదగ్గదే.

రుచి చూసే వరస

మొదటి రౌండ్ ముక్కుతోనే. ఆరు గ్లాసులూ వాసన చూసి ఒక్కో మాట రాయాలి, ఒక్క చుక్క కూడా నోట్లో పోసుకోకూడదు. రెండో రౌండ్‌లో రుచి. మూడో రౌండ్ వెనక నుంచి ముందుకి. అందరూ ఒకే గ్లాసుతో మొదలుపెట్టకూడదు, తలా ఒకచోట మొదలుపెట్టాలి, ఇది మర్చిపోవద్దు. ఏ వైన్ అయినా మొదటి గుక్కలో పుల్లగానే ఉంటుంది. ఓక్ దట్టంగా ఉన్నదాని తరవాత వచ్చే సున్నితమైనది వెలవెలబోతుంది. అందరూ ఒకే వరసలో తాగితే ఆ అన్యాయం ఒకే వైన్‌కి ఎనిమిదిసార్లు జరుగుతుంది.

ఏం రాయాలో తెలియక టెన్షన్ పడేవాళ్లకి నాలుగు ప్రశ్నలు చాలు. ఏ పండు గుర్తొస్తోంది? పులుపు ఎంత? వెన్న గానీ చెక్క గానీ తెలుస్తోందా? ఇంకో గ్లాసు అడుగుతానా? నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం.

చల్లటి ప్రాంతపు షార్డొనేలో పచ్చి ఆపిల్, నిమ్మ, బేరిపండు తగులుతాయి. ఎండ ఎక్కువున్న చోటుదైతే పీచ్, పైనాపిల్, మామిడి. వెన్న వాసనకీ ఓక్ వాసనకీ తేడా చెప్పలేక చాలామంది తికమకపడతారు, నిజానికి రెండూ వేరు. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దాన్నే మాలోలాక్టిక్ ఫెర్మెంటేషన్ అంటారు. అప్పుడు పుట్టే డయాసిటిల్ అనే పదార్థం వల్ల వెన్న వాసన వస్తుంది, పులుపు కూడా మెత్తబడుతుంది. వనిల్లా, కొబ్బరి, కాల్చిన బ్రెడ్ వాసనలు ఓక్ చెక్క నుంచి వస్తాయి. తక్కువ ధర వైన్లలో చాలావాటికి పీపా ఖర్చు భరించలేరు కాబట్టి ట్యాంకులో ఓక్ ముక్కలో పలకలో వేసి ఆ వాసన తెప్పిస్తారు. అది మోసం కాదు, చవకైన పద్ధతి. టేస్టింగ్ మొదలయ్యే ముందు చిన్న కప్పుల్లో వెన్న, వనిల్లా, కోసిన పచ్చి ఆపిల్, పైనాపిల్ ముక్క పెట్టి అందరికీ ఒకసారి వాసన చూపించి, గదిలోంచి తీసేయండి. పేరు తెలియక ఆగిపోయే ముక్కులు ఆ అయిదు నిమిషాల్లో తెరుచుకుంటాయి.

లెక్క తేల్చడం

వందకి ఇన్ని మార్కులు అనకండి. ఒకరు 90కి తగ్గరు, ఇంకొకరు 60 దాటరు, కలిపితే ఉదారంగా వేసేవాళ్ల మాటే నెగ్గుతుంది. వరస పెడితే అందరి ఓటూ సమానం. ఒక్కో వైన్‌కి వచ్చిన స్థానాలు కూడండి, తక్కువ మొత్తం వచ్చినది ముందు. ఎనిమిది మందికి అతి తక్కువ 8, అతి ఎక్కువ 48. రెండు వైన్ల మధ్య తేడా 10 లోపు ఉంటే అవి సమానమనే అనుకోండి.

మొత్తం చూసి ఆగిపోకండి, చెదురు కూడా చూడండి. అందరూ మూడు, నాలుగు ఇచ్చిన వైన్‌కీ, సగం మంది ఒకటి, సగం మంది ఆరు ఇచ్చిన వైన్‌కీ మొత్తం ఒకటే రావచ్చు. ఆ రెండోదే అసలు కబురు. మీ బృందంలో వెన్న ఇష్టపడేవాళ్లెవరో, పులుపు ఇష్టపడేవాళ్లెవరో అది చెప్తుంది. నేను నడిపే టేస్టింగుల్లో షార్డొనేకి ఈ చీలిక దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. తరవాత వాళ్లు షాపుకి వెళ్లినప్పుడు పనికొచ్చేది గెలిచిన సీసా పేరు కాదు, తాము ఏ పక్షమో తెలియడం.

ఇప్పుడు మిగిలిన సీసాల సంగతి. చిన్న గుక్కల టేస్టింగ్‌లో గట్టిగా వినిపించే వైన్ గెలుస్తుంది: ఓక్ ఎక్కువున్నది, లీటరుకి కొన్ని గ్రాముల చక్కెర మిగిల్చినది. మొదటి గుక్కలో అవి ఆకట్టుకుంటాయి, రెండో గ్లాసుకి మొహం మొత్తవచ్చు. అందుకే ఫలితం రాసుకున్నాక, పేర్లు బయటపెట్టకుండానే జగ్గులన్నీ గుర్తులతో సహా భోజనాల బల్ల మీద పెట్టండి. రెండుసార్లు పోసిన వైన్ దాదాపు అయిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని ఈ పోటీలోంచి తీసేయండి. ఎవరికి నచ్చింది వాళ్లు పోసుకుంటారు. చివర్లో ఏ జగ్గు ఎంత ఖాళీ అయిందో చూడండి. మా కొత్తవాళ్లతో ఒకసారి వెన్న దట్టంగా ఉన్న వైన్ కాగితాల మీద సులువుగా మొదటి స్థానం తెచ్చుకుంది. భోజనం అయ్యేసరికి అది సగానికి పైగా మిగిలే ఉంది, నాలుగో స్థానంలో ఉన్న పుల్లటి అన్‌ఓక్డ్ మాత్రం అడుగంటింది. ఆ రెండు ఫలితాలూ నిజమే, వేరు వేరు ప్రశ్నలకి. పేర్లు ఆ తరవాతే విప్పండి.

చివరిగా ఖరీదైన సీసా. ధర నాలుక మీద పని చేస్తుందన్నది పరీక్షించి చూసిన విషయం. 2008లో కాలిఫోర్నియాలో 20 మందికి ఒకే వైన్‌ని వేరు వేరు ధరలు చెప్పి ఇచ్చినప్పుడు, ఎక్కువ ధర విన్నప్పుడు వాళ్లకి అది ఎక్కువ నచ్చింది, మెదడు స్కానింగ్‌లోనూ ఆ తేడా కనిపించింది. అదే ఏడాది 6000కి పైగా బ్లైండ్ టేస్టింగ్ మార్కులని విశ్లేషించిన మరో పరిశోధనలో, వైన్‌లో శిక్షణ లేనివాళ్లు ఖరీదైనవాటికి సగటున కొంచెం తక్కువే ఇచ్చినట్టు తేలింది. వరసలో ఖరీదైనది ఒకటుందని తెలిస్తే ఆ పూటంతా అది ఏదా అని పట్టుకునే వేట అయిపోతుంది, ఎవరికి ఏది నచ్చిందన్న మాట మరుగున పడుతుంది. రెండోసారి కలుసుకున్నప్పుడు దానికే వేరే ఆట పెట్టండి. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే వైన్, మూడోది వేరే. ఈసారి గెలిచిన చవక షార్డొనే ఒకటి, ఖరీదైనది ఒకటి వాడి, వేరుగా ఉన్న గ్లాసు ఏదో చెప్పమనండి. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరికి సరిగ్గా తగులుతుంది కాబట్టి ఎనిమిది మందిలో ఆరుగురో అంతకంటే ఎక్కువమందో పట్టుకుంటేనే తేడా తెలిసిందని లెక్క. అంతమంది పట్టుకున్నాకే ఏది బాగుందని అడగండి.